సంఘపు వెబ్‌సైటు - ప్రకటనల రాబడి

పల్లెటూరి గుడి మంటపములో గాని, పాఠశాల గదిలో గాని తలయెత్తి చూచినచో, పంకా రెక్కల మీద ఎర్రరంగుతో దాత పేరు వ్రాసియుండుట కానవచ్చును. తండ్రి జ్ఞాపకార్థము కుమారుడు సమర్పించినదని ఒకచోట, ఫలానా రైసుమిల్లు వారి విరాళమని మరియొకచోట. ఈ వ్రాతను ప్రకటన యనవచ్చునా? ప్రశ్న చిన్నదే. కాని నేడు గ్రామములలోని గ్రంథాలయ సంఘములు, యువజన సంఘములు, పూర్వ విద్యార్థి సంఘములు తమ పేర వెబ్‌సైట్లు నెలకొల్పి, వానిపై ప్రకటనలు వేసి నాలుగు రూపాయలు గడింపవలెనని తలపెట్టుచున్నవి. ఇట్టి సమయమున ఈ ప్రశ్నకు సమాధానము తెలియకుండ అడుగు వేయుట క్షేమము కాదు.

పంచాయతీ సభ్యులకు దీనితో పని యేమని కొందరు అనుకొనవచ్చును. సభ్యులలో పెక్కుమంది ఏదో యొక సంఘములో అధ్యక్షులుగనో కోశాధికారులుగనో ఉందురు. అదిగాక, సంఘములో తగవు పుట్టినప్పుడు అది తిరిగి తిరిగి పంచాయతీ కార్యాలయమునకే వచ్చి చేరును. అట్టి తగవు నొకదానిని నేను కన్నులార చూచితిని.

కొన్నేండ్ల క్రిందట ఆరోగ్య ప్రచారము నిమిత్తము నేనొక గ్రామమునకు వెళ్లినప్పుడు పంచాయతీ కార్యాలయము ముందు అరువది డెబ్బదిమంది గుమిగూడి యుండిరి. ఆ ఊరి యువజన సంఘము ఒక చిన్న గ్రంథాలయమును నడుపుచున్నది. దానికి అనుబంధముగ ఒక వెబ్‌సైటు కలదు. ఊరి చరిత్ర, చెరువు క్రింది ఆయకట్టు వివరములు, బస్సుల వేళలు, పోటీ పరీక్షలకు చదువుకొను పిల్లలకు పనికివచ్చు పాత ప్రశ్నపత్రములు అందులో ఉంచిరి. ప్రశ్నపత్రముల పుటలను ఇతర జిల్లాల పిల్లలు కూడ చూడసాగిరి. వెబ్‌సైటు తయారుచేసిన యువకుడు దానిపై ప్రకటనలకు ఏర్పాటు చేసెను. ఖాతా అతని పేర నున్నది. పాన్ సంఖ్య అతనిది. బ్యాంకు పుస్తకమును అతనిదే. రెండున్నర సంవత్సరములలో 41,000 రూపాయలు వచ్చినవి. పిమ్మట అతడు ఉద్యోగమునకై బెంగుళూరు వెళ్లెను. అప్పుడు పుట్టినది గొడవ. సంఘము సొమ్ము కాజేసినాడని ఒక వర్గము. రాత్రింబవళ్లు కష్టపడినవాడు అతడే, మీరేమి చేసితిరని మరియొక వర్గము. ఆ యువకుని తండ్రి తలుపు ప్రక్కన నిలువబడి ఒక్క మాటయు పలుకలేదు.

"మీరు చదువుకొన్నవారు గదా, న్యాయ మెటున్నదో చెప్పుడు" అని సర్పంచి గారు నన్నడిగిరి. ఆనాడు నేను సమాధానము చెప్పలేకపోయితిని. తరువాత తెలిసికొన్న సంగతులే ఇప్పుడు వ్రాయుచున్నాను.

పంచాయతీ వేరు, సంఘము వేరు

మొదట ఒక పొరపాటును తొలగింపవలెను. గ్రామ పంచాయతీ రాజ్యాంగము ననుసరించి ఏర్పడిన స్థానిక ప్రభుత్వము. దానిని లాభాపేక్ష లేని సంఘముతో కలుపరాదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల కొరకు కేంద్ర ప్రభుత్వము 2009లో మార్గదర్శక సూత్రములను ప్రకటించి, 2018లోను 2023లోను వానిని సవరించినది. ప్రభుత్వ వెబ్‌సైటు మీద వ్యాపార ప్రకటనలకు చోటీయరాదన్నది అందలి ఉద్దేశము. కావున పంచాయతీ వెబ్‌సైటు పై ఎరువుల కంపెనీ ప్రకటన వేసి వీధిదీపముల ఖర్చు రాబట్టుదమను ఆలోచన ఎవరికైన నున్నచో అక్కడనే విడువవలెను.

సంఘముల సంగతి వేరు. మన ప్రాంతములో సంఘములు సాధారణముగ 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘముల నమోదు చట్టము క్రింద నమోదగును. ఇది తెలంగాణములోను అమలులో నున్నది. కొన్ని ధర్మకర్తృత్వ సంస్థలుగ, అనగా ట్రస్టులుగ ఏర్పడును. 2013 నాటి కంపెనీల చట్టము ఎనిమిదవ విభాగము క్రింద ఏర్పడినవియు కలవు. ఏ రూపములో నున్నను వీనిని లాభాపేక్ష లేని సంస్థలని వ్యవహరింతుము. ఈ మాటను చాలమంది అపార్థము చేసికొనుచున్నారు. లాభాపేక్ష లేదనగా రాబడి ఉండరాదని కాదు; మిగిలినదానిని సభ్యులు పంచుకొనరాదని అర్థము. గోశాలవారు పాలు అమ్మవచ్చును. ఆ పాలడబ్బు గడ్డికి, దాణాకు, కొట్టము మరమ్మతునకు పోవలెను గాని కార్యవర్గమువారి ఇండ్లకు పోరాదు. ప్రకటనల సొమ్మునకును ఇదే వర్తించును.

ప్రకటన ఎట్లు వచ్చును

వెబ్‌సైటు మీదికి ప్రకటన వచ్చుటకు రెండు దారులు కలవు. ఒకటి మనకు చిరపరిచితమైనదే. మండల కేంద్రములోని ఎరువుల దుకాణమువారినో, ట్రాక్టర్లు మరమ్మతు చేయు షెడ్డువారినో అడిగి, నెలకింతయని మాట్లాడుకొని, వారి బొమ్మను మన పుట మీద పెట్టుట. ఉత్సవ సంచికలకు, వార్షికోత్సవపు పుస్తకములకు ప్రకటనలు తెచ్చిన అనుభవము ఎవరికి లేదు?

రెండవ దారి ప్రకటనల వ్యాపారము చేయు పెద్ద సంస్థలతో ఒప్పందము. గూగుల్ సంస్థ 2003లో ప్రారంభించిన యాడ్‌సెన్స్ వీనిలో ప్రసిద్ధమైనది. తెలుగు పుటలకు ఈ ఏర్పాటు 2018లో లభించినది. వెబ్‌సైటు యజమాని దరఖాస్తు పెట్టుకొనును. ఆ సంస్థ పుటలను పరిశీలించి అంగీకరించినచో, ఆపైన ఏ ప్రకటన ఎవరికి చూపవలెనో వారి యంత్రములే నిర్ణయించును. ఒకే పుటను చూచుచున్న రైతునకు పంపుసెట్టు ప్రకటనయు, అతని కుమార్తెకు చీరల దుకాణము ప్రకటనయు కనిపించవచ్చును. ప్రకటనదారు చెల్లించిన సొమ్ములో సుమారు నూటికి 68 వంతులు వెబ్‌సైటు వారికి చేరునని ఆ సంస్థ 2023 నవంబరులో తెలిపినది. పూర్వము ప్రకటనను ఎవరైన నొక్కినప్పుడే ముఖ్యముగ సొమ్ము లెక్కకు వచ్చెడిది. 2024 నుండి ప్రకటన ఎన్నిసార్లు కనబడినదన్న దానిని బట్టి చెల్లించుచున్నారు.

లెక్క పది డాలర్లకు చేరగనే చిరునామా నిజమా కాదా యని తెలిసికొనుటకు ఒక రహస్య సంఖ్యను ఉత్తరములో పంపుదురు. ఇంత ఆధునికమైన వ్యవహారమంతయు చివరకు మన తపాలాబంట్రోతు సంచి మీద ఆధారపడి యుండుట నాకు ముచ్చటగ తోచినది. నూరు డాలర్లు నిండిన తరువాతనే సొమ్ము బ్యాంకునకు వచ్చును.

ఇక్కడ సభ్యులు కాగితము కలము తీసికొని కూర్చుండవలెను. ఉదాహరణకు వేయిసార్లు పుట చూచినందుకు 20 రూపాయలు వచ్చునని అనుకొందము. నిజమైన రేటు పుటను బట్టి, కాలమును బట్టి మారుచుండును. ఇది లెక్క కొరకు తీసికొన్న అంకె. ఒక గ్రామ గ్రంథాలయపు వెబ్‌సైటును నెలకు 5,000 సార్లు చూచినచో వచ్చునది 100 రూపాయలు. నూరు డాలర్లనగా 8,000 రూపాయలకు పైమాటే. అనగా మొదటి చెల్లింపు చేతికందుటకు ఎనుబది నెలలు, ఆరు సంవత్సరముల ఎనిమిది మాసములు పట్టును. ఆలోపల రెండు కార్యవర్గములు మారును. నేను పైన చెప్పిన సంఘమునకు 41,000 రూపాయలు రావలెనన్న, ఇదే రేటున, నెలకు దాదాపు 68,000 సార్లు పుటలు చూచియుండవలెను. ప్రశ్నపత్రముల మూలమున వారికది సాధ్యమైనది. అన్ని ఊళ్లకును కాదు.

మండల కేంద్రములోని ఐదు దుకాణములవారు నెలకు మున్నూరు రూపాయల చొప్పున ఇచ్చినను 1,500 రూపాయలు. వారిని ఎరుగుదుము, వారు మనలను ఎరుగుదురు. ఏ ప్రకటన వేయుచున్నదియు మన చేతిలో నుండును. చిన్న సంఘమునకు మొదటి దారియే మేలని నా అభిప్రాయము. వెబ్‌సైటు చేయు యువకులు ఇందుకు అంగీకరింపకపోవచ్చును. దుకాణముల చుట్టు తిరుగుట కంటె యంత్రమునకు అప్పగించుట సులభము గదా.

రెండవ దారిని ఎంచుకొన్న సంఘములు ఒక ప్రమాదమును తెలిసికొనవలెను. "అందరును రోజుకొకసారి మన ప్రకటనలను నొక్కుడు, సంఘమునకు డబ్బు వచ్చును" అని వాట్సాప్ బృందములో సందేశము పెట్టుట మన ఊళ్లలో సహాయముగ తోచును. ఆ సంస్థ నిబంధనల ప్రకారము అది నేరముతో సమానము. తన వెబ్‌సైటు పై ప్రకటనలను తాను నొక్కరాదు. ఇతరులను నొక్కుమని కోరరాదు. "ప్రకటనలను నొక్కి మమ్ములను ఆదుకొనుడు" అని పుట మీద వ్రాయుటయు తప్పే. కొనుగోలు చేయు ఉద్దేశము లేనివారు నొక్కినందున ప్రకటనదారుకు నష్టము గదా! ఇట్టివి బయటపడినచో ఖాతాను మూసివేయుదురు, చేరిన సొమ్మును నిలిపివేయుదురు.

ఖాతా ఎవరి పేర?

తగవుకు మూలము ఇక్కడ నున్నది. యాడ్‌సెన్స్ ఖాతా తెరచునప్పుడు వ్యక్తి పేరనా, సంస్థ పేరనా అని అడుగుదురు. ఒకమారు ఎంచుకొన్న రకమును తరువాత మార్చుటకు వీలు లేదు. ఖాతాలోని పేరును బ్యాంకు ఖాతాలోని పేరును సరిపోవలెను. ఖాతాదారుకు పదునెనిమిదేండ్లు నిండియుండవలెను. మన యువకులు సాధారణముగ ఏమి చేయుదురు? సంఘమునకు పాన్ కార్డు లేదు. తీసుకొనుటకు నెల పట్టునని ఎవరో చెప్పుదురు. "ప్రస్తుతము నా పేర తెరచెదను, తరువాత చూచుకొందము" అందురు. ఆ తరువాత అన్నది రాదు.

వ్యక్తి పేర వచ్చిన సొమ్ము ఆదాయపు పన్ను శాఖవారి దృష్టిలో ఆ వ్యక్తి ఆదాయమే. అతడు నిజాయితీపరుడై ప్రతి పైసను గ్రంథాలయమునకే ఖర్చుపెట్టినను, తన లెక్కలో చూపవలసినవాడు అతడే. సంఘము లెక్కలలో ఆ సొమ్మునకు జాడ యుండదు. కనుక సర్వసభ్య సమావేశములో "మన వెబ్‌సైటు రాబడి ఏమైనది?" అని ఒకరు లేచి అడిగినప్పుడు కోశాధికారి వద్ద చూపుటకు ఏమియు నుండదు. దొంగతనము లేకున్నను దొంగతనపు నీడ పడును. ఆ యువకునికి జరిగినది ఇదే.

అందుచేత మొదట కార్యవర్గము తీర్మానము వ్రాయవలెను. వెబ్‌సైటు పేరు సంఘము ఆస్తియని, దాని రిజిస్ట్రేషను సంఘము పేర నుండవలెనని, ప్రకటనల ఖాతా సంఘము పాన్ సంఖ్యతో సంఘము బ్యాంకు ఖాతాకు కలుపబడవలెనని, రహస్య సంకేతములు ఇద్దరి వద్ద నుండవలెనని అందులో స్పష్టపరచవలెను. వెబ్‌సైటు పేరునకు ఏటేట చెల్లించు అద్దె ఎవరు చెల్లింతురో కూడ వ్రాయుట మంచిది. ఒక యువకుడు జేబులోనుండి చెల్లించుచు వచ్చిన పేరు అతని దానివలెనే అగును. అతడు మానివేసిననాడు సంఘము పదేండ్ల శ్రమయు పరులపాలగును. తయారుచేసినవారికి శ్రమకు తగిన పారితోషికము ఇయ్యదలచినచో దానికిని తీర్మానము, రశీదు ఉండవలెను. ఉచితముగ చేయుమని ఏండ్ల తరబడి వాడుకొని, చివరకు లెక్క అడుగుట న్యాయము కాదు. ఈ మాట ఆనాడు సభలో ఒక ముదుసలి అన్నది. దానికి ఎవరును ఎదురు చెప్పలేదు.

పన్నుల సంగతి

ధర్మకార్యములకై ఏర్పడిన సంస్థలకు ఆదాయపు పన్ను నుండి మినహాయింపు 1961 నాటి చట్టములో నుండినది. దాని స్థానమున 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 2025 నాటి చట్టములోను కొనసాగినది. మినహాయింపు కోరు సంస్థ ఆ శాఖవద్ద నమోదు పొందవలెను. సంఘముల రిజిస్ట్రారు వద్ద నమోదగుట వేరు, ఇది వేరు. 2021 ఏప్రిల్ నుండి ఈ నమోదును గడువు తీరకముందే పునరుద్ధరించుకొనవలసి యున్నది. ఆదాయములో నూటికి 85 వంతులు సంస్థ ఆశయములకు వినియోగింపవలెనన్నది మూలసూత్రము.

ప్రకటనల ఆదాయము ఈ మినహాయింపులో చేరునా? దీనిపై మన దేశములో ఎనుబదేండ్లకు పైగా వాదము జరిగినది. సర్దార్ దయాళ్ సింగ్ మజీతియా అను దాత 1881లో లాహోరు నగరమున ట్రిబ్యూన్ పత్రికను స్థాపించెను. 1898లో ఆయన గతించిన పిదప పత్రికను ధర్మకర్తలు నడిపిరి. పత్రికకు చందాలు వచ్చును, ప్రకటనలు వచ్చును. ఇది ధర్మమా, వ్యాపారమా? 1939లో ప్రివీ కౌన్సిలు ఇది సర్వజనోపయోగమైన ఆశయమేనని, మినహాయింపు చెల్లునని తీర్పు చెప్పినది. దేశ విభజనానంతరము ఆ పత్రిక ఇటు తరలివచ్చి చండీగఢ్ చేరినది. చట్టములును మారినవి. అదే ట్రిబ్యూన్ ట్రస్టు వ్యవహారము ఇతర సంస్థల వ్యవహారములతో కలిసి సుప్రీంకోర్టు ముందునకు వచ్చినప్పుడు, 2022 అక్టోబరు 19న వెలువడిన తీర్పులో, సొమ్ము తీసికొని ప్రకటనలు వేయుట వ్యాపార స్వభావము గల పనియేనని, చట్టము విధించిన పరిమితికి అది లోబడవలెనని న్యాయమూర్తులు నిర్ణయించిరి.

ఆ పరిమితి ఏమి? బీదలకు సాయము, విద్య, వైద్యము, పర్యావరణ రక్షణ మొదలగువానిని చట్టము పేరుపెట్టి చెప్పినది. వీనిలో చేరని ఇతర ప్రజోపయోగ కార్యములు చేయు సంస్థకు వ్యాపార రూపమైన రాబడి, ఆ సంవత్సరపు మొత్తము రాబడిలో నూటికి ఇరువది వంతులు మించరాదు. ఆ వ్యాపారము ఆశయ సాధనలో భాగముగ జరిగినదై యుండవలెను. ఒక సంస్థకు విరాళములు 8 లక్షలు, ప్రకటనలు 2 లక్షలు వచ్చినచో మొత్తము 10 లక్షలు. ఇరువది వంతులు సరిగ 2 లక్షలు. హద్దులో నున్నది. ప్రకటనలు 3 లక్షలైనచో మొత్తము 11 లక్షలు, హద్దు 2 లక్షల 20 వేలు. ఎనుబది వేలు దాటినది, మినహాయింపునకు ముప్పు. గమనింపుడు, ఇక్కడ చూచునది లాభము కాదు, రాబడి. ఖర్చులు పోను ఏమియు మిగులలేదని చెప్పిన ప్రయోజనము లేదు.

"మాది గ్రంథాలయము, విద్య క్రిందికే వచ్చును గదా" అని అందురు. తొందరపడరాదు. కర్ణాటకములో సంయుక్త కర్ణాటక పత్రికను నడిపిన లోకశిక్షణ ట్రస్టు వ్యవహారములో సుప్రీంకోర్టు 1975లోనే, విద్య యనగా క్రమబద్ధమైన బోధన, శిక్షణ యని చెప్పినది. జ్ఞానమును పెంచు ప్రతి పనియు విద్య క్రిందికి రాదు. కనుక ఆడిటరును అడుగకుండ మీరే నిశ్చయించుకొనరాదు. ఏ వర్గమునకు చెందినను ప్రకటనల రాబడికి ప్రత్యేకముగ చిట్టా, ఆవర్జా ఉంచవలెను. విరాళముల పుస్తకములో కలిపి వ్రాయరాదు. చిన్న సంఘమునకు లక్షల అంకెలు దూరముగ తోచవచ్చును గాని, వేరు పుస్తకము పెట్టుటకు ఇరువది రూపాయల నోటుబుక్కు చాలును.

ఇక వస్తు సేవల పన్ను. 2017 జులై 1 నుండి అమలులోనున్న ఈ పన్ను ప్రకటనకు చోటిచ్చు సేవకు కూడ వర్తించును. మన రెండు రాష్ట్రములలోను సాలీన 20 లక్షల రూపాయలు దాటనంతవరకు సేవలు చేయువారికి సాధారణముగ నమోదు అవసరము లేదు. గ్రామ సంఘములు దీనికి భయపడవలసిన పని లేదు.

ఇప్పుడు పంకా సంగతికి వత్తము. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2019 అక్టోబరు 11న ఒక వివరణను వెలువరించినది. ధర్మసంస్థకు దానమిచ్చినవారి పేరును కృతజ్ఞతతో ప్రదర్శించినంత మాత్రమున, అది దాత వ్యాపారమును పెంచునట్టిది కానిచో, పన్ను లేదని దాని సారాంశము. అనగా తండ్రి జ్ఞాపకార్థము ఇచ్చిన పంకా మీది పేరు ప్రకటన కాదు. "మా మిల్లు బియ్యమే శ్రేష్ఠము, నేడే కొనుడు" అని అదే పంకా మీద వ్రాసినచో అది ప్రకటన. వెబ్‌సైటు పుటకును ఈ కొలతనే వాడుకొనవచ్చును. "గ్రంథాలయమునకు బీరువా ఇచ్చిన ఫలానావారికి కృతజ్ఞతలు" అనునది ఒకటి. ధరలు, తగ్గింపులు, కొనుమను ప్రేరణ కలది మరియొకటి. రెండింటిని వేరు వేరు పద్దులలో వ్రాయవలెను.

అమెరికా దేశమువారు ఈ గీతను గీచుటకు అర్ధ శతాబ్దము పట్టినది. అచట 1947లో న్యూయార్కు విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల మేలు కొరకు మ్యూలర్ అను మాకరోనీ కంపెనీని కొనిరి. మన సేమియా వంటి ఆ పదార్థమును అమ్మి వచ్చిన లాభమునకు పన్ను లేదనిరి, కళాశాలకే పోవుచున్నది గనుక. పన్ను కట్టు ఇతర మాకరోనీ వ్యాపారులు ఊరకుందురా? 1950లో అచటి శాసనసభ ఆశయముతో సంబంధము లేని వ్యాపారముపై పన్ను విధించినది. వైద్యుల సంఘమొకటి తన వైద్య పత్రికలో మందుల ప్రకటనలు వేసినందుకు పన్ను కట్టవలసినదేనని 1986లో అచటి సుప్రీంకోర్టు తేల్చినది. 1997లో మాత్రము, దాత పేరును గుర్తును చూపి కృతజ్ఞత తెలుపుటకు పన్ను లేదని చట్టము చేసిరి. మన పంకా న్యాయమే!

విదేశపు సంస్థనుండి సొమ్ము వచ్చుచున్నది గనుక విదేశీ విరాళముల చట్టము అడ్డురాదా యని కొందరు కలవరపడుదురు. 2010 నాటి ఆ చట్టము ప్రకారము వ్యాపార క్రమములో చేసిన సేవకు ప్రతిఫలముగ వచ్చినది విదేశీ విరాళము కాదు. కాని వెబ్‌సైటు చూచి అమెరికాలోని ఊరివాడొకడు, ఆ దేశపు పౌరుడైనవాడు, విరాళము పంపెదనన్నచో అది వేరు సంగతి. ఆ చట్టము క్రింద నమోదు లేనిదే పుచ్చుకొనరాదు. మన ఊళ్ల పిల్లలు ఎందరో అచట పౌరసత్వము పుచ్చుకొన్నారు. పుట్టిన ఊరని ప్రేమతో పంపునదైనను చట్టము చట్టమే.

ఏ ప్రకటనలు కూడవు

యంత్రము తెచ్చి పెట్టిన ప్రకటనకును పుట యజమానిగ మీకు మాట వచ్చును. కొన్నింటిని చట్టమే నిషేధించినది. మధుమేహము, క్యాన్సరు వంటి వ్యాధులను మా మందు నయము చేయునని ప్రకటించుట 1954 నాటి మందులు, మాయచికిత్సల చట్టము ప్రకారము నేరము. పొగాకు ప్రకటనలను 2003 నాటి చట్టము నిషేధించినది. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను కట్టడిచేసినవి. 2025లో పార్లమెంటు చేసిన చట్టము అట్టి ఆటల ప్రకటనలను కూడ నిషేధించినది. పేకాటలో పొలము పోగొట్టుకొన్న కుటుంబములు ఏ ఊరిలో లేవు? ఆ ఊరి గ్రంథాలయపు పుట మీద ఆ ఆట బొమ్మ కనబడుట ఎంత అపచారము! పిల్లల వివరములను వెంబడించి వారికి గురిపెట్టు ప్రకటనలను 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కాదన్నది. పిల్లల కొరకు ప్రశ్నపత్రములు పెట్టు వెబ్‌సైట్లు దీనిని మరువరాదు.

జూదము, వివాహ సంబంధముల పేర జరుగు వ్యాపారము మొదలగు తరగతుల ప్రకటనలను ఖాతాలోనే ఆపివేయుటకు ఏర్పాటు కలదు. ఎవరును దానిని తెరచి చూడరు. కార్యదర్శి నెలకొకమారు తన ఫోనులో సంఘపు పుటను తెరచి ఏమేమి కనబడుచున్నవో చూచుట అవసరము.

ప్రకటనలు వేయుట లాభమా, మానుట లాభమా అన్నదియు యోచింపవలసినదే. నమోదైన ధర్మసంస్థలకు గూగుల్ నెలకు పదివేల డాలర్ల విలువగల వెదకు ప్రకటనలను ఉచితముగ ఇచ్చు పథకమొకటి కలదు. అనగా ఉచిత నేత్ర శిబిరము ఎక్కడ నున్నదని ఎవరైన వెదకినప్పుడు మీ సంస్థ పేరు పైకి వచ్చును. ఆ సాయము పొందు సంస్థ తన వెబ్‌సైటు మీద యాడ్‌సెన్స్ ప్రకటనలు వేయరాదన్నది షరతు. నెలకు వంద రూపాయల కొరకు ఈ అవకాశమును పోగొట్టుకొన్న సంస్థలు లేకపోలేదు. వికీపీడియా యను విజ్ఞాన సర్వస్వము అసలు ప్రకటనలే వద్దన్నది. 2002 ఫిబ్రవరిలో ప్రకటనల మాట రాగానే స్పానిష్ భాషలో వ్రాయువారు కొందరు అలిగి విడిపోయి వేరు కుంపటి పెట్టుకొనిరి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాయు నేటికిని ఒక్క ప్రకటన లేక, చదువరుల విరాళముల మీదనే నడచుచున్నది. అందరును అట్లే చేయవలెనని నేననను. గ్రంథాలయమునకు పత్రికల చందా కట్టవలెను, కరెంటు బిల్లు కట్టవలెను.

ఆ గ్రామములో తగవు సంక్రాంతికి తీరినది. పండుగకు వచ్చిన యువకుడు వెబ్‌సైటు పేరునకు, యంత్రపు అద్దెకు తాను చెల్లించిన బిల్లులు తెచ్చి సర్పంచి గారి ముందుంచెను. మొత్తము 11,600 రూపాయలు. అవి పోను మిగిలిన 29,400 రూపాయలకు సంఘము పేర చెక్కు వ్రాసి ఇచ్చెను. విరాళముల పద్దులో జమకట్టి రశీదు ఇచ్చిరి. తన ఖాతాను అతడు మూసివేసెను. సంఘము పాన్ కార్డు తెచ్చుకొని తన పేర కొత్త ఖాతా తెరచినది. విశ్రాంత ఉపాధ్యాయు లొకరు దాని లెక్కలకు వేరు పుస్తకము పెట్టిరి. కొన్ని నెలలకు రహస్య సంఖ్య గల ఉత్తరము వచ్చినది. సంఘము పేరే గాని మనిషి పేరు లేనందున తపాలాబంట్రోతు దానిని ఎవరికీయవలెనో తోచక పంచాయతీ కార్యాలయములో ఇచ్చిపోయెను. ఆ సాయంకాలము దానిని గ్రంథాలయమునకు తీసికొనిపోయి ఇచ్చినది ఆ యువకుని తండ్రియే.